ఒక్కడివేనేటి బాబూ?

మా ఉత్తరాంధ్రలో ఒంటరిగా పోయేవాడిని ఎవరూ ఊరికే పోనివ్వరు. బస్సులో అయితే పక్క సీటాయన ఊరూ పేరూ అడిగి, జీతం దాకా వచ్చి ఆగుతాడు. అదే సైకిల్ మీద, అందులోనూ కొండెక్కుతూ కనిపిస్తే ఇక చెప్పక్కర్లేదు. విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట), అరకు మీదుగా పాడేరు వెళ్లి, అటువైపు ఘాట్ దిగి మాడుగుల, చోడవరం దారిలో ఇల్లు చేరాను. ఆ దారి పొడవునా నన్ను అడగని వాళ్లు లేరు. "ఒక్కడివేనేటి బాబూ?" కొందరు జాలిగా, కొందరు అనుమానంగా. ఒకావిడైతే కోపంగా.

అరకు రైలుకి అద్దాల బోగీలు రాకముందు సంగతి ఇది. పాడేరు అప్పటికింకా విశాఖ జిల్లాలోనే ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో కదా వచ్చింది. నాకు గాజువాకలో చిన్న ఉద్యోగం, పెళ్లి కాలేదు, మోకాళ్లు బాగున్నాయి.

పండగ బోనస్‌తో గేర్ల సైకిల్ కొన్నాను. షాపువాడు దాన్ని ఎంటీబీ అన్నాడు, మా వీధిలో మాత్రం లావు టైర్ల సైకిలే. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, మొత్తం 21 గేర్లు. ముందు ఫోర్కులో స్ప్రింగు ఉండేది, వెనక లేదు. ఇప్పటి పిల్లల సైకిళ్లకున్నట్టు డిస్క్ బ్రేకులు కాదు, రిమ్ముని రెండు వైపులా పట్టుకునే రబ్బరు ముక్కలు. ఆ రబ్బరు ముక్కల గురించి తర్వాత చెప్తాను.

సైకిల్ మీదే ఎందుకెళ్లావంటే ఒక కారణం చెప్పగలను. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాన్న మమ్మల్ని కిరండూల్ పాసింజర్‌లో అరకు తీసుకెళ్లేవాడు. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్ పంపడానికి 1960లలో వేసిన లైను అది. మనుషులు ఎక్కే రైలు ఆ తర్వాత మాట. ఖనిజం నిండిన గూడ్సు కిందికి దిగుతుంటే మన బండి ఏదో ఒక స్టేషన్లో పక్కకి తప్పుకుని ఎంతసేపైనా నిలబడేది. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. ఈ పేర్లు నాకు ఎక్కాల్లా నోటికి వచ్చేవి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు. లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి కాబట్టి అరకు చేరేసరికి గొంతు పోయేది. అక్కా నేనూ కిటికీ దగ్గర కొట్టుకునేవాళ్లం. సొరంగానికీ సొరంగానికీ మధ్య, లోయ అవతల కొండ నడుము మీద సన్నగా ఘాట్ రోడ్డు కనిపించేది. దాని మీద చీమంత బస్సు. ఆ రోడ్డు మీద నుంచి చూస్తే మా రైలు ఎలా కనిపిస్తుందో అనుకునేవాడిని. అంతే, ఇంతకంటే గొప్ప కారణం లేదు.

అందరూ చలికాలంలో వెళ్తారు. మంచు, వలిసెపూలు, బొంగు చికెన్, ఫోటోలు. నేను ఏప్రిల్ ఎంచుకున్నాను. ఒకటి, డిసెంబరులో ఆ ఘాట్ మీద కార్లతో సైకిల్‌కి చోటుండదు. రెండోది, మా ఆఫీసులో పనిచేసే హుకుంపేట వైపు ఆయనొకడు చెప్పిన మాట: "వేసవిలో ఒక మంచి వాన పడితే వారం పది రోజులకి కాఫీ పూస్తుంది. మూడు నాలుగు రోజులే ఉంటుంది. ఆ పూట మా కొండలు చూడు."

తెల్లవారుజాము నాలుగు గంటలకే బయల్దేరాను. పెందుర్తి, కొత్తవలస, ఎల్.కోట (లక్కవరపుకోట). ఈ భాగం గురించి చెప్పుకోవడానికేమీ లేదు. ఎస్.కోటలో ఇడ్లీ తింటుంటే హోటలాయన సైకిల్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, బ్యాగు ఎత్తి బరువు చూసి అడిగాడు.

"ఎక్కడికెల్తన్నావు?"

"అరకండి."

"ఒక్కడివేనేటి? బస్సుంది కదా."

"సైకిల్ మీద చూద్దామనండి."

"సూడ్డానికేటుంది, కొండలే కదా," అని ఇంకో రెండు ఇడ్లీ వేసి, వాటికి డబ్బులు తీసుకోలేదు. మనిషి పోయేలా ఉన్నాడు, కడుపు నిండా తిననీ అనుకుని ఉంటాడు.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు సైకిల్‌కి వేగం ఉండదు. గంటకి ఆరేడు కిలోమీటర్లు, నడిచేవాడికంటే కాస్త నయం. చిన్న గేరులో పెడల్ గిరగిరా తిరుగుతుంది, బండి మాత్రం కదిలీ కదలనట్టు ఉంటుంది. మొదటి గంటలో కోపం వస్తుంది. తర్వాత ఊపిరీ పెడలూ ఒక లెక్కలో పడతాయి, ఇక ఆ లెక్క చెడకుండా చూసుకోవడమే పని. మలుపు దగ్గర లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది, బయటి అంచున వాలు తక్కువ. కానీ బయటి అంచు పట్టుకుంటే ఎదురొచ్చే లారీకి అడ్డం. అందుకని చెవులతో తొక్కాలి. పైనుంచి హారన్ వినిపిస్తే లోపలి అంచు, లేకపోతే బయటి అంచు.

కారులో అరకు వెళ్లినవాళ్లకి ఈ దారిలో గుర్తుండేవి వ్యూ పాయింట్లు. నాకు గుర్తున్నవి వాసనలు. మొదట ఇప్పపూల వాసన. రాత్రి రాలిన పూలని పొద్దున్నే ఆడవాళ్లు చెట్టు కింద ఏరుతున్నారు. లేత పసుపు, ముట్టుకుంటే కండగా, కొంచెం జిగురుగా ఉంటుంది ఆ పువ్వు. ఒకమ్మాయి దోసెడు ఇచ్చింది. పచ్చిగా తింటే తీపి, వెనకే ఒక ఘాటు. ఆ పైన కాలిన వాసన. పోడు కోసం కొట్టి తగలబెట్టిన వాలు ఇంకా పొగలు చిమ్ముతోంది. ఆ తర్వాత ఎక్కడో తెలియని చోట పనసపండు.

త్యాడ దాటాక ఎదురొచ్చిన లారీ ఒకటి ఆగింది. క్లీనర్ కుర్రాడు దిగి, "అన్నా, తాడు కట్టి లాగుతాం, పట్టుకుంటావా?" అన్నాడు. వాళ్లు దిగుతున్నారు, నేను ఎక్కుతున్నాను. అది చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే కిందికి తీసుకుపోతాం" అన్నాడు. నవ్వు ఆపుకోలేక అక్కడే కాసేపు కూర్చున్నాను. దాముకు అనే చోట కోతులు నా అరటిపళ్లు పట్టుకుపోయాయి. దాని గురించి ఎవరితోనూ చెప్పుకోలేదు, ఇదే మొదలు.

లోయ అవతల రైలు పట్టాలు కనిపించాయి, గూడ్సు కూడా కనిపించింది. చిన్నప్పుడు అనుకున్నంత అద్భుతంగా ఏమీ లేదు. ఎర్రటి దుమ్ము కొట్టుకున్న పొడవాటి పురుగు. కానీ అది సొరంగంలోకి దూరుతుంటే నోరు తెరిచి గట్టిగా ఒక కేక వేశాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. తోడెవరైనా ఉంటే వేసేవాడిని కాదు.

అనంతగిరి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గాలికొండ వైపు ఆకాశం నల్లబడింది. ఏప్రిల్‌లో ఏజెన్సీ వాన చెప్పి రాదు. ముందు దుమ్ము, తర్వాత ఒక్కసారిగా చలి, ఆ వెంటనే వడగళ్లు. హెల్మెట్ మీద టకటకమని పడుతుంటే రోడ్డు పక్కన కనిపించిన మొదటి ఇంటి అరుగు మీదికి సైకిల్‌తో సహా దూరాను. మట్టి అరుగు. ఎర్రమట్టితో అలికి అంచుకి తెల్లగా గీత గీశారు. దాని మీద నా టైర్ల బురద.

లోపలి నుంచి మామ్మ ఒకావిడ వచ్చింది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతిలో చీపురు. బురద చూసింది, నన్ను చూసింది.

"ఒక్కడివేనా?"

"ఒక్కడినే మామ్మా."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నారు. అమ్మా, నాన్నా, అక్కా."

"ఉంటే ఎలా పంపారు?" అని గట్టిగా అడిగింది. నిజంగా కోపమే. బురద గురించి కాదు. వాన ఆగేదాకా ఆ విషయం మీదే మాట్లాడింది, సగం తెలుగు, సగం వాళ్ల ఒడియా. అర్థమైనంతలో సారాంశం ఏమిటంటే, కొండ మీదికి ఒక్కడే వచ్చేవాడికి కొండతో పనైనా ఉండాలి, లేకపోతే మనసులో ఏదో బాధైనా ఉండాలి. నాకు రెండూ లేవంటే నమ్మలేదు. పెళ్లి చెడిందా అని అడిగింది. ఉద్యోగం పోయిందా అని అడిగింది. రెండూ కాదంటే, చెప్పడానికి సిగ్గుపడుతున్నానని అనుకుని, సత్తు గిన్నె నిండా చోడి (రాగి) అంబలి తెచ్చి పెట్టింది. చల్లగా, కొంచెం పులిసి, అడుగున వరి నూకలు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. పొద్దుటి నుంచి తిన్నవన్నీ ఒక ఎత్తు, ఆ గిన్నె ఒక ఎత్తు. డబ్బులిస్తే మళ్లీ కోపం. అరుగు నేనే కడిగాను.

వాన వెలిశాక సుంకరమెట్ట వైపు దిగుతుంటే ఆ వాసన వచ్చింది. ముందు ఎవరో మల్లెపూలు పెట్టుకుని జీపులో వెళ్లారనుకున్నాను. జీపు లేదు. సైకిల్ ఆపి చూస్తే, సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల మధ్య కాఫీ పూసి ఉంది. కొమ్మ పొడవునా, ప్రతి ఆకు జత మొదట్లో ఒక తెల్లటి గుత్తి. కొమ్మ కనిపించదు, పూలే కనిపిస్తాయి. ఒక్కో పువ్వుకి ఐదారు సన్నటి రేకులు, తేనెటీగల రొద. మా ఆఫీసాయన చెప్పిన వాన వారం క్రితమే పడినట్టుంది. ఇప్పుడు పడిన వడగళ్లకి సగం పూలు రాలిపోయాయి. తోట గట్టున వంగి చూస్తే ఏది వడగల్లో, ఏది పువ్వో చేత్తో ముట్టుకుంటే గానీ తెలియలేదు. ఆ పక్కనే తోట రైతు దిగులుగా నిలబడి ఉన్నాడు. రాలిన ప్రతి పువ్వూ రాని కాయ కదా. నాకు అందంగా కనిపిస్తున్నది ఆయనకి నష్టం. ఫోటో తీయడానికి జేబులోంచి తీసిన ఫోన్ లోపల పెట్టేశాను. ఈసారి తోడెవరని ఆయన అడగలేదు. ఆ మూడ్‌లో లేడు.

అరకు చేరేసరికి తడి బట్టల్లో వణుకు. ఏప్రిల్‌లో వణకడం విశాఖవాడికి కొత్త. ఒక లాడ్జిలో గది అడిగితే కౌంటర్‌లో కుర్రాడు, "ఎంతమంది సార్?" అన్నాడు. ఒక్కడినే అన్నాను. "సింగిల్‌కి ఇవ్వం సార్." ఇంకో లాడ్జిలోనూ అదే మాట. మూడో చోట పెద్దాయన ఉన్నాడు, ఆయనే విషయం చెప్పాడు. ఒంటరిగా వచ్చినవాళ్లు గదిలో ఏమైనా చేసుకుంటే పోలీసులూ కేసులూ, ఆ టెన్షన్ మాకెందుకు తమ్ముడూ అన్నాడు. సైకిల్ మీద విశాఖ నుంచి వచ్చానంటే ఆయన అనుమానం ఇంకా పెరిగింది. చివరికి అక్కకి ఫోన్ చేసి ఆయన చేతికిచ్చాను.

అక్క ఏం చెప్పిందో అటువైపు మాటలు నాకు వినపడలేదు. ఆయన మాత్రం "అవునమ్మా... అలాగా అమ్మా... చిన్నప్పటి నుంచీ అంతేనా..." అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. ఫోన్ తిరిగిచ్చి తాళం ఇచ్చాడు. వేడినీళ్ల బకెట్టు కూడా పంపాడు. ఆ రోజు ఏం చెప్పావే అంటే అక్క ఇప్పటికీ చెప్పదు.

మర్నాడు పాడేరు దారి. డుంబ్రిగుడ, చాపరాయి, హుకుంపేట. అరకు, పాడేరు రెండూ సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల చుట్టూ ఉంటాయి. అంటే మధ్యలో చదును అనుకుంటాం. కాదు, ఎక్కడం దిగడం, మళ్లీ ఎక్కడం. ఘాట్ కంటే ఇదే ఎక్కువ కష్టం, ఎందుకంటే దీనికి పేరు లేదు. ఘాట్ ఎక్కానని గొప్పగా చెప్పుకోవచ్చు, హుకుంపేట ముందు ఎత్తు ఎక్కానని ఎవరితో చెప్తాం?

అది ఇటుకల పండగ రోజులు. చైత్రంలో గిరిజనులు చేసుకునే పెద్ద పండగ, విత్తనాలకి పూజ చేస్తారు, మగవాళ్లు వేటకి పోతారు. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి వచ్చేపోయే బండ్లని ఆపి పండగ డబ్బులు వసూలు చేస్తారు. ఇవ్వకుండా పోవడం కుదరదు, పోవాలని ఎవరూ అనుకోరు కూడా. జీపుకి ఒక రేటు, మోటార్ సైకిల్‌కి ఒక రేటు నడుస్తున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికి తగాదా. గేర్ల సైకిల్ మోటార్ సైకిల్ లెక్కా, మామూలు సైకిల్ లెక్కా? మామూలు సైకిల్‌కి డబ్బులు తీసుకోవడం లేదు. టైర్లు లావుగా ఉన్నాయి కాబట్టి తీసుకోవాలని ఒక పెద్దావిడ తీర్పు.

పది రూపాయలిచ్చాను. అంతలో పదహారేళ్ల పిల్ల ఒకతె హ్యాండిల్ పట్టుకుని, అడగడం కాదు, చెప్పింది: "తొక్కి తెస్తా." చీర పైకి దోపుకుని ఎక్కేసింది. వెళ్తూ వెళ్తూ రెండు చేతుల గేర్లూ ఒకేసారి నొక్కింది, చైన్ కడకడమని ఊడింది. నేను పరిగెత్తేలోపు దిగి, చైన్ కింది భాగాన్ని వేళ్లతో ముందుకి నొక్కి వదులు చేసి, పళ్ల మీద వేసి, పెడల్ చేత్తో వెనక్కి ఒక తిప్పు తిప్పింది. ఎక్కింది. వేళ్ల నల్ల గ్రీజు రోడ్డు మీద రుద్దుకుంది. గేర్ల సైకిల్ ఇంతకుముందు చూశావా అంటే లేదంది. షాపువాడు నాకు నేర్పడానికి అరపూట పట్టిన పని అది. వెదురు ఎత్తుతూ ఆ పెద్దావిడ అడగనే అడిగింది, "తోడెవరూ లేరేటి? వచ్చే ఏడు పెళ్లాన్ని తీసుకురా." వెదురు అవతల అందరూ ఒకటే నవ్వు.

పాడేరు ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసు తనిఖీ. ఆ రోజుల్లో ఏజెన్సీలో పెద్ద బ్యాగుతో ఒంటరిగా తిరిగే కుర్రాడిని ఆపకపోతేనే ఆశ్చర్యం. బ్యాగులోంచి ట్యూబు, పంపు, పంక్చర్ సొల్యూషన్, టైరు విప్పే పుల్లలు ఒక్కొక్కటీ తీసి తువ్వాలు మీద వరసగా పెట్టారు. చైన్ పిన్ను ఊడదీసే చిన్న పనిముట్టు దగ్గర ఆగిపోయారు. ఇదేంటన్నారు. చేసి చూపించమన్నారు. చూపించాను. "ఒక్కడివే వచ్చావు, నీ వెనక ఎవరున్నారు?" అన్నాడు పెద్దాయన. అదే ప్రశ్న, ఖాకీలో. ఆఫీసు ఐడీ కార్డు చూశాక టీ తెప్పించి, వాళ్లబ్బాయికి ఇలాంటి సైకిల్ ఎంతవుతుందో కనుక్కున్నాడు.

పాడేరు లాడ్జిలో ఏమీ అడగలేదు. రిజిస్టర్ తోసి, సంతకం పెట్టించుకుని, తాళం ఇచ్చాడు. అంత దూరంలో, దిగులుగా ఉన్న ఆ కాఫీ రైతుని వదిలేస్తే, ఒక్కడివేనా అని అడగని మనిషి ఆయనొక్కడే. చెప్తే నవ్వుతారు గానీ, నాకు ఏదో లోటుగా అనిపించింది.

పాడేరు నుంచి దిగే దారిలో మినుములూరు దగ్గరా కాఫీ తోటలే. చలికాలంలో పేపర్లో ఎక్కువ చలి ఎక్కడంటే ఈ ఊరి పేరే వస్తుంది. ఘాట్ మీద మోదకొండమ్మ పాదాల దగ్గర అన్ని బండ్లూ ఆగుతాయి. డ్రైవర్లు దిగి దండం పెట్టుకుని చిల్లర వేస్తారు. నేనూ వేశాను. ఆ తర్వాత ఇరవై కిలోమీటర్ల దాకా దిగుడే. దిగుడు సుఖం అనుకునేవాళ్లు ఘాట్‌లో సైకిల్ దిగలేదన్నమాట. ఎక్కేటప్పుడు కాళ్లు నొప్పి, దిగేటప్పుడు చేతులు. అరచేతులు తిమ్మిరెక్కి, బ్రేకు పట్టుకున్నానో లేదో వేళ్లకి తెలియదు. వంట్లమామిడి చేరేలోపే మాడిన వాసన. రిమ్ము మీద ఉమ్ము వేస్తే సుయ్యిమంది. రబ్బరు ముక్కలు మెరుస్తున్నాయి, గట్టిపడితే ఇక పట్టవు. రిమ్ము ఆ వేడిలో ఉంటే లోపల ట్యూబు పేలిపోవచ్చు. చెట్టు కింద సైకిల్ పడుకోబెట్టి, మెరుపు పోయేదాకా రబ్బరుని రాయి మీద గీకాను. మళ్లీ కొంత దూరం, మళ్లీ ఆగడం. ప్రతి మలుపుకీ గాలి ఒక మెట్టు వేడెక్కుతూ వచ్చింది. గరికబంద దగ్గరికి వచ్చేసరికి కొండ మీద ఏప్రిల్ వేరు, కింద ఏప్రిల్ వేరు అని ఒంటికి అర్థమైంది.

మాడుగులకి కాస్త పక్కకి తిరగాలి. హల్వా కోసం తిరిగాను. గోధుమ పాలు తీసి, పంచదార, నెయ్యి వేసి కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలిపే హల్వా అది, ముట్టుకుంటే వేళ్లకి నెయ్యి. దుకాణదారు ఆకు మీద కొంచెం రుచి చూపించి, "ఒక్కడివేనా? అయితే పావు కిలో చాలు" అన్నాడు. ఇంట్లో అక్కుందని అరకిలో కట్టించాను. ఎండలో చోడవరం దాటేసరికి పొట్లంలోంచి నెయ్యి కారి బ్యాగులో బట్టలన్నీ హల్వా వాసన. ఆ మిగిలిన దారి తలుచుకోవాలని లేదు. బెల్లం లారీలు, వడగాడ్పు, నీళ్లు, మళ్లీ నీళ్లు.

నేను తొక్కిన దారిలో అరకు నుంచి పాడేరు దాకా ఇప్పుడు 516ఈ జాతీయ రహదారి. రాజమహేంద్రవరం నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా ఒకటే రోడ్డు. వెడల్పు చేస్తున్నారు. అంబులెన్సు వేగంగా వెళ్తుంది, కాఫీ, పసుపు లారీలు వేగంగా దిగుతాయి. నాకు నచ్చకపోవడానికి ఏమీ లేదు. అరుగులున్న ఆ ఇల్లు మాత్రం కారులో వెళ్తూ ఎంత వెతికినా దొరకలేదు. సైకిల్ ఇప్పుడు అక్క కొడుకు దగ్గరుంది. వాడు ఫ్రెండ్సుతో, వెనక సామాన్లకి ఒక కారు పెట్టుకుని వెళ్తానంటున్నాడు. వెళ్లనీ. ఒక్కడివే వెళ్లరా అంటే వాళ్లమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు.

ఎవరైనా వెళ్తే నాకు తెలిసినవి ఇవి. బొడ్డవర తెల్లారేలోపు దాటండి. దాముకు దగ్గర అరటిపళ్లు పైకి కనిపించనివ్వకండి. చైత్రంలో అయితే జేబులో పది రూపాయల నోట్లు ఉంచుకోండి, పాడేరు ఘాట్‌లో వంట్లమామిడి రాకముందే ఒకసారి ఆగి రిమ్ములు చల్లారనివ్వండి. హల్వా మాత్రం స్టీలు డబ్బాలో తెచ్చుకోండి.